మింట్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు, ప్రొజెక్టర్‌కు బొమ్మ రావడం లేదు: సోమవారం పాఠం ఉంది

నాగావళి_టీచర్ | ఆమదాలవలస | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. రెండేళ్ల క్రితం ఎవరో వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కున్నాను. ఏడో తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ఎన్విడియా జీఫోర్స్ 940ఎంఎక్స్ గ్రాఫిక్స్. ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 21.3, సినమన్ డెస్క్‌టాప్.

జులై దాకా ఏ ఇబ్బందీ లేదు. ఆగస్టులో అప్‌డేట్ చేసినప్పుడు లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ 5.15 నుంచి 6.8కి మారింది. మర్నాడు తెరిస్తే మింట్ గుర్తు కనిపించి, వెంటనే తెర నల్లబడి అలాగే ఉండిపోయింది. ఇంటర్నెట్‌లో వెతికితే యంత్రం తెరుచుకునేటప్పుడు లినక్స్‌ను లేపే గ్రబ్ ప్రోగ్రాంలో 'నోమోడ్‌సెట్' అనే మాట చేర్చమని ఒకచోట కనిపించింది. చేర్చాను, డెస్క్‌టాప్ వచ్చింది. కానీ అప్పటినుంచి తెర వెలుతురు తగ్గించే మీటలు పనిచేయడం లేదు. వీడియోలు ఆగి ఆగి నడుస్తున్నాయి. ఫ్యాన్ ఊరికే తిరుగుతోంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ప్రొజెక్టర్‌కు వైరు పెడితే బొమ్మ వెళ్లడం లేదు. డ్రైవర్ మేనేజర్‌లో ఎన్విడియా డ్రైవర్ కూడా వేశాను. మార్పు లేదు.

ఈ నెలలో ఇంకొకటి మొదలైంది. మీట నొక్కిన తర్వాత పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర రావడానికి దాదాపు నాలుగు నిమిషాలు పడుతోంది. పీరియడ్ నలభై అయిదు నిమిషాలే.

తొందర ఎందుకంటే, అరసవల్లి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు దగ్గరపడుతున్నాయి. మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదట్లో మరోసారి. మా పిల్లల్లో చాలామంది ఇంట్లోవాళ్లతో తెల్లవారుజామునే వెళ్లి చూస్తారు. ఏడాదిలో రెండుసార్లే ఎందుకు, ఆ రోజుల్లోనే ఎందుకు అని అడిగితే మాత్రం చెప్పలేరు. ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం ప్రోగ్రాంలో శ్రీకాకుళం ఆకాశం పెట్టి, సూర్యుడు ఉదయించే చోటు నెలనెలా ఎలా జరుగుతుందో సోమవారం చూపిద్దామనుకున్నాను. ఇప్పుడు స్టెల్లేరియం తెరిస్తే ఆకాశం ముక్కలు ముక్కలుగా కదులుతోంది. దయచేసి దారి చూపండి.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి | శుక్రవారం రాత్రి 9:40

టీచర్ గారూ, నాది డీటీపీ దుకాణం, మూడు యంత్రాల మీద మింటే నడుపుతున్నాను. ఇన్ని చిక్కులు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే తేలిక. గంటన్నర పని. సోమవారానికి చేతిలో రెండు రోజులున్నాయి కదా.

గంటస్తంభం | విజయనగరం | శుక్రవారం రాత్రి 10:05

వీణ గారి మాట కాదనడం లేదు, కానీ ఇక్కడ అది ఫలించకపోవచ్చు. కొత్త ఇన్‌స్టాల్‌లో ఎన్విడియా కోసం మొదట పనిచేసేది 'నూవో' అనే డ్రైవర్. ఎన్విడియా తన కార్డుల లోపలి వివరాలు బయటపెట్టకపోతే, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు కార్డు ప్రవర్తనను గమనిస్తూ రాసుకొచ్చిన డ్రైవర్ అది. 2010లో వచ్చిన 2.6.33 నుంచి కెర్నల్‌లో భాగంగా ఉంది. నాకు వాళ్లంటే ఎంతో గౌరవం. కానీ ఇంటెల్, ఎన్విడియా రెండూ కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌ల మీద అది ఒక్కోసారి బిగుసుకుపోతుంది. టీచర్ గారికి ఆగస్టులో వచ్చిన నల్ల తెర అదే అయితే, గంటన్నర కష్టపడ్డాక మళ్లీ ఆ నల్ల తెర ముందే కూర్చుంటారు. అందుకని ముందు యంత్రాన్నే అడుగుదాం.

ఆదేశాలను పలికినట్టు తెలుగులో రాస్తాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టండి. మూడు కావాలి.

మొదటిది 'ఐఎన్ఎక్స్ఐ', ఖాళీ, చిన్న గీత, జీ. ఈ ఒక్క జీ మాత్రం పెద్ద అక్షరం. గ్రాఫిక్స్‌ను ఎవరు నడుపుతున్నారో చెబుతుంది. రెండోది 'సిస్టమ్‌డి-అనలైజ్'. తెరుచుకునే సమయం ఏ దశలో ఎంత పోయిందో చెబుతుంది. మూడోది అదే ఆదేశం తర్వాత ఖాళీ ఇచ్చి 'బ్లేమ్'. దానిలో మొదటి అయిదు వరసలు చాలు.

ఇవేవీ యంత్రంలో దేన్నీ మార్చవు, భయం లేకుండా కొట్టండి.

నాగావళి_టీచర్ | శుక్రవారం రాత్రి 10:38

ధన్యవాదాలు. తెర మీద ఉన్నది ఇది.

గ్రాఫిక్స్ దగ్గర రెండు పరికరాలు చూపించింది: ఇంటెల్ హెచ్‌డీ 620, ఎన్విడియా 940ఎంఎక్స్. రెండింటికీ డ్రైవర్ లేదని ఉంది. కింద రెండరర్ అన్నచోట 'ఎల్ఎల్‌వీఎం పైప్' అని ఉంది.

సమయం: ఫర్మ్‌వేర్ 7 సెకన్లు, లోడర్ 5, కెర్నల్ 40, యూజర్‌స్పేస్ 2 నిమిషాల 49 సెకన్లు. మొత్తం 3 నిమిషాల 41 సెకన్లు.

బ్లేమ్ జాబితాలో పైన ఉన్నది నెట్‌వర్క్ మేనేజర్ వెయిట్ ఆన్‌లైన్, 9 సెకన్లు. తర్వాత హార్డ్‌డిస్క్ విభాగం, 8 సెకన్లు. మిగతావన్నీ అంతకంటే తక్కువ.

బొబ్బిలి_వీణ | శుక్రవారం రాత్రి 10:51

బ్లేమ్‌లో పైనున్న నాలుగైదు సర్వీసులు ఆపేస్తే వేగం వస్తుంది కదా? నేను ప్రింటర్ సర్వీసు తప్ప చాలావాటిని ఆపేశాను.

గంటస్తంభం | శుక్రవారం రాత్రి 11:20

వీణ గారూ, ఒక్కసారి లెక్క చూడండి. జాబితాలో అన్నిటికంటే పెద్దది 9 సెకన్లు. పైగా సర్వీసులు ఒకదాని తర్వాత ఒకటి కాదు, చాలావరకు ఒకేసారి నడుస్తాయి. అలాంటప్పుడు 2 నిమిషాల 49 సెకన్లు ఎక్కడికి పోయాయి? బ్లేమ్ చూపించేది పని పూర్తిచేసినవాటినే. ఎన్నటికీ రాని పరికరం కోసం యంత్రం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తే, ఆ ఎదురుచూపు ఈ జాబితాలో కనబడదు. టీచర్ గారి యంత్రం దేనికోసమో ఆగుతోందని నా అనుమానం. సర్వీసులు ఆపితే ఆ ఆగడం తగ్గదు, పైగా రేపు ఏదో ఒకటి పనిచేయక కొత్త చిక్కు వస్తుంది. దాన్ని రేపు పట్టుకుందాం.

ముందు గ్రాఫిక్స్. టీచర్ గారూ, నోమోడ్‌సెట్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి సగమే చెప్పి వదిలేసే సలహాలు చాలా ఉన్నాయి. తెర కొలతలు, వెలుతురు, ఏ రంధ్రం నుంచి బొమ్మ బయటికి వెళ్లాలి, ఇవన్నీ కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ నిర్ణయిస్తుంది. నోమోడ్‌సెట్ అని రాస్తే ఆ పని ఎవరూ చేయొద్దని చెప్పినట్టు. నూవో ఆగిపోతుంది కాబట్టి నల్ల తెర పోతుంది. కానీ దానితోపాటు ఏ పాపమూ ఎరగని ఇంటెల్ డ్రైవర్ కూడా ఆగిపోతుంది. అప్పుడు ప్రతి బొమ్మనూ ప్రాసెసరే గీయాలి. ఎల్ఎల్‌వీఎం పైప్ అంటే అదే. మీ ఫ్యాన్ తిరగడానికీ, వీడియో ఆగడానికీ, వెలుతురు మీటలు చచ్చుబడడానికీ, ప్రొజెక్టర్ పలకకపోవడానికీ ఈ నాలుగింటికీ కారణం ఒకటే.

కాలు విరిగినప్పుడు కట్టు కట్టాల్సిందే. మీకు ఆ కట్టు కట్టమన్నవాళ్లు విప్పే రోజు మాత్రం చెప్పలేదు.

జీడితోట | పలాస | శుక్రవారం రాత్రి 11:47

నమస్తే మేడమ్. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నాదీ 940ఎంఎక్స్ కార్డే. మీరు వేసిన ఎన్విడియా డ్రైవర్ ఎందుకు పలకడం లేదో చెప్పగలననుకుంటున్నాను. అది వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగిందా? తర్వాత రీస్టార్ట్ చేసినప్పుడు నీలం రంగు తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరసలు వచ్చాయా?

నాగావళి_టీచర్ | శనివారం ఉదయం 5:55

వచ్చింది బాబూ. ఏదో తప్పు చేశానేమోనని భయపడి, పై వరస మీద ఎంటర్ కొట్టేశాను. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలియదు. ఈ మధ్య టచ్‌ప్యాడ్ నొక్కితే లోపలికి దిగడం లేదు, గట్టిగా ఉంది. మౌస్‌తోనే నెట్టుకొస్తున్నాను.

రాజాం_రిపేరు | రాజాం | శనివారం ఉదయం 6:20

అమ్మా, మిగతా పనులన్నీ ఆపి ఇది చదవండి. ఛార్జర్ తీసేయండి. యంత్రం కట్టేసి ఉంచండి. టచ్‌ప్యాడ్ అంచు మీద స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో పైకి ఉబ్బి ఉందా? మూత పూర్తిగా మూతపడుతోందా?

నాగావళి_టీచర్ | శనివారం ఉదయం 6:31

ఉబ్బి ఉందండీ. మూత వేస్తే ఒక మూల సందు కనిపిస్తోంది.

రాజాం_రిపేరు | శనివారం ఉదయం 6:44

అది బ్యాటరీ. లిథియం బ్యాటరీ పాతబడినా, ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచినా లోపల వాయువు చేరి ఇలా ఉబ్బుతుంది. సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది కాబట్టి దాన్ని పైకి నెడుతోంది. దాని మీద నొక్కకండి, బల్ల మీద గట్టిగా పెట్టకండి. చిల్లుపడినా, వంగినా అంటుకునే ప్రమాదం ఉంది. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను, కాలిన బల్లను ఒకసారి చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ ఉదయమే శ్రీకాకుళం తీసుకెళ్లి వెనుక మూత విప్పించి బ్యాటరీ తీయించండి. మీ అంతట మీరు స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తీయొద్దు, దాన్ని అతికించిన జిగురు మొండిది. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయనివ్వకండి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. కొత్తది వచ్చేదాకా ల్యాప్‌టాప్ ఛార్జర్ మీదే నడుస్తుంది. కరెంటు పోతే మాత్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. తరగతిలో ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి.

లినక్స్ సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

జీడితోట | శనివారం ఉదయం 7:10

రాజాం అన్నయ్య చెప్పింది ముందు చేయండి మేడమ్. నేను రాసేది తీరికగా చదువుకోండి.

ఆ నీలం తెర సెక్యూర్ బూట్‌కు సంబంధించినది. సెక్యూర్ బూట్ వేసి ఉంటే, నమ్మకమైన తాళంచెవితో సంతకం చేసిన డ్రైవర్లనే కెర్నల్ లోపలికి రానిస్తుంది. మింట్‌లో వేసే ఎన్విడియా డ్రైవర్ మన యంత్రం మీదే తయారై, మన యంత్రం సృష్టించిన తాళంచెవితోనే సంతకం చేయించుకుంటుంది. 'ఈ తాళంచెవి నాదే' అని మనం ఒక్కసారి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కోసమే నీలం తెర. అందులో రెండో వరస 'ఎన్‌రోల్ మాక్' ఎంచుకుని, కంటిన్యూ, ఎస్, మనం పెట్టుకున్న పాస్‌వర్డ్. అంతే. మొదటి వరస కొడితే ఏమీ జరగనట్టు ముందుకు వెళ్లిపోతుంది, డ్రైవర్ గుమ్మం బయటే ఉండిపోతుంది. నాకూ ఇలాగే జరిగి వారం రోజులు తిప్పలుపడ్డాను. మళ్లీ ఆ తెర తెప్పించే ఆదేశం ఉంది, కావాలంటే రాస్తాను.

కళింగపట్నం_దీపం | కళింగపట్నం | శనివారం ఉదయం 9:30

నేను ఉద్యోగ విరమణ చేశాను. నా పాత యంత్రం కూడా తెరుచుకోవడానికి మూడు నిమిషాలు తీసుకుంటోంది. నేనూ నోమోడ్‌సెట్ తీసేయాలా?

గంటస్తంభం | శనివారం ఉదయం 9:52

మాస్టారూ, దయచేసి ఇప్పుడే ఏదీ తీయకండి. లక్షణం ఒకటే అయినా కారణం వేరు కావచ్చు. పైన రాసిన మూడు ఆదేశాల జవాబులతో వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా వస్తాను.

టీచర్ గారూ, జీడితోట చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఆ తాళంచెవి జోలికి వెళ్లేముందు ఒక ప్రశ్న. మీకు ఎన్విడియా అసలు కావాలా? టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొట్టి, ఎన్విడియా ఉన్న వరస మొదట్లో 'వీజీఏ' అని ఉందో, '3డీ కంట్రోలర్' అని ఉందో చూడండి.

నాగావళి_టీచర్ | శనివారం మధ్యాహ్నం 3:15

శ్రీకాకుళం వెళ్లి వచ్చాను. బ్యాటరీ తీసి చూపించారు, దిండులా ఉబ్బి ఉంది. రాజాం గారూ, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఈ ల్యాప్‌టాప్‌ను రోజూ మంచం మీదే పెట్టేదాన్ని. మీరు చూడకపోయి ఉంటే ఏమయ్యేదో. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

గంటస్తంభం గారూ, ఎన్విడియా ముందు 3డీ కంట్రోలర్ అని ఉంది. ఇంటెల్ ముందు వీజీఏ అని ఉంది.

గంటస్తంభం | శనివారం మధ్యాహ్నం 3:50

అదే నాకు కావలసింది. 3డీ కంట్రోలర్ అని ఉంటే ఆ చిప్‌కు తెరతో నేరుగా సంబంధం లేదని అర్థం. అది లెక్కలు కట్టి ఇంటెల్‌కు అందిస్తుంది, తెర మీద పెట్టేది ఇంటెలే. మీ ప్రొజెక్టర్ వైరు కూడా ఇంటెల్ నుంచే బయలుదేరుతుంది. హెచ్‌డీ 620 మీద స్టెల్లేరియం హాయిగా నడుస్తుంది. మీ పాఠానికి ఎన్విడియా అక్కరలేదు. దాన్ని పడుకోబెడితే వేడి తగ్గుతుంది, ఫ్యాన్ ఊరుకుంటుంది.

ముందు 'సుడో ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్' అని కొట్టండి. నూవో సంగతి బెంగ వద్దు, మీరు వేసిన ఎన్విడియా ప్యాకేజీ దాన్ని ఇప్పటికే పక్కన పెట్టేసింది. ఇప్పుడు నోమోడ్‌సెట్ లేకుండా ఒక్కసారి మాత్రం తెరిచి చూద్దాం. రీస్టార్ట్ చేసి, మెనూ కనిపించగానే మింట్ వరస మీద నిలబడి 'ఈ' మీట నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే పొడవైన వరస చివర నోమోడ్‌సెట్ ఉంటుంది, ఆ ఒక్క మాట చెరిపి ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. బాగుంటే సరే. నల్ల తెర వస్తే కట్టేసి తెరవండి, మళ్లీ మామూలే.

జీడితోట | శనివారం సాయంత్రం 4:05

అన్నయ్యా, కార్డు ఉండి వాడకపోవడం నాకు మనసొప్పడం లేదు. నేను త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో పని చేస్తాను, అక్కడ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గంటస్తంభం | శనివారం సాయంత్రం 4:11

నీకు కావాలి తమ్ముడూ, నువ్వు సంతకం చేయించుకుని వాడుకోవడమే సరైనది. టీచర్ గారికి సోమవారం పొద్దున ఆగకుండా నడిచే యంత్రం కావాలి. తర్వాత ఎప్పుడైనా కావాలంటే నీ పద్ధతి ఇక్కడే రాసి ఉంది.

నాగావళి_టీచర్ | శనివారం రాత్రి 8:20

వచ్చింది! తెర నిండుగా, స్పష్టంగా వచ్చింది. వెలుతురు మీటలు పలుకుతున్నాయి. రెండరర్ అన్నచోట ఇప్పుడు ఇంటెల్ పేరు ఉంది. స్టెల్లేరియంలో అరసవల్లి మీద సూర్యోదయం నూనె మీద జారినట్టు కదిలింది. మా అబ్బాయి పక్కనే కూర్చుని అరగంట సేపు చుక్కలు తిప్పాడు.

కానీ ఇప్పుడు మరో చిక్కు. ఈటీసీ ఫోల్డర్‌లో, డిఫాల్ట్‌లో ఉన్న గ్రబ్ ఫైలు తెరిచి నోమోడ్‌సెట్ తీసేశాను. 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొట్టాను, తప్పులేవీ చూపలేదు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాత బొమ్మే. మెనూలో 'ఈ' నొక్కి చూస్తే నోమోడ్‌సెట్ అక్కడే ఉంది. ఫైలు తెరిచి మూడుసార్లు చూశాను, అందులో లేదు. తెరుచుకునే సమయం కూడా తగ్గలేదు.

బొబ్బిలి_వీణ | శనివారం రాత్రి 8:46

టీచర్ గారూ, మింట్ ఒక్కటే ఉంటే మామూలుగా మెనూ కనిపించదు, నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. మీకు ప్రతిసారీ మెనూ ఎందుకు కనిపిస్తోంది? అందులో ఏమేం పేర్లున్నాయి?

నాగావళి_టీచర్ | శనివారం రాత్రి 8:58

పైన డెబియన్ అని ఉంటుంది, దాని కింద మింట్. ఈ నెల మొదట్లో మా మేనల్లుడు వచ్చినప్పుడు నేర్చుకోవడానికని ఖాళీ జాగాలో డెబియన్ 12 అనే మరో లినక్స్ వేసుకున్నాడు. మింట్‌ను ముట్టుకోలేదన్నాడు, నా ఫైళ్లన్నీ అలాగే ఉన్నాయి. అందుకే మొదట్లో చెప్పాలని తోచలేదు.

గంటస్తంభం | శనివారం రాత్రి 9:35

వీణ గారూ, అసలు ప్రశ్న మీరు అడిగారు. నేను నిన్ననే అడగాల్సింది. మీ మేనల్లుడి తప్పేమీ లేదు టీచర్ గారూ, మింట్ ఫైళ్లను నిజంగానే ముట్టుకోలేదు. కానీ రెండు సంగతులు జరిగాయి.

ఒకటి, మెనూ చేతులు మారింది. ఇప్పుడు మీకు కనిపించేది డెబియన్ వేసిన గ్రబ్. అది మింట్‌ను వెతికి, ఆ రోజు మింట్ వరస ఎలా ఉందో నోమోడ్‌సెట్‌తో సహా రాసుకుంది. మీరు మార్చింది మింట్ మెనూ, యంత్రం చదువుతున్నది డెబియన్ మెనూ. దీనికి తేలికైన మందు, యంత్రం బూట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వరస మార్చడం. అక్కడ మింట్ అని వెతకకండి, కనిపించదు. మింట్ ఆ జాబితాలో తన పేరును, తనకు ఆధారమైన లినక్స్ పేరుతో, ఉబుంటు అనే రాసుకుంటుంది. ఉబుంటును డెబియన్ పైకి జరిపి సేవ్ చేయండి. మీరు ఇందాక సరిచేసిన మెనూ అప్పుడు అమలులోకి వస్తుంది.

రెండోది మీ నాలుగు నిమిషాలు. మీ మింట్‌కు విడిగా స్వాప్ విభాగం, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా, ఉందనుకుంటున్నాను. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు ఒక అలవాటుంది. డిస్క్ మీద ముందే స్వాప్ ఉంటే, అడ్డు చెప్పకపోతే దాన్ని తనదిగా తీసుకుని కొత్తగా ఫార్మాట్ చేస్తుంది. ఫార్మాట్ చేస్తే ఆ విభాగానికి ఉన్న గుర్తింపు సంఖ్య, యూయూఐడీ, మారిపోతుంది. మింట్ దగ్గర పాత సంఖ్యే ఉంది. పాత చిరునామాకు వెళ్లి తలుపు తట్టి, ఎవరూ పలకక, 90 సెకన్లు నిలబడి వెనక్కి వస్తోంది. ఆ 90, తెరుచుకునేటప్పుడు సర్వీసులను నడిపించే సిస్టమ్‌డి పెట్టుకున్న గడువు. అంతకుముందు కెర్నల్ దశలోనే, నిద్రపుచ్చిన స్థితి ఏమైనా దాచి ఉందేమోనని అదే పాత చిరునామా దగ్గర మరో అరనిమిషం ఆగుతుంది. మీ కెర్నల్ 40 సెకన్లకు అదే కారణం.

నమ్మేముందు చూద్దాం. 'ఫ్రీ', ఖాళీ, చిన్న గీత, హెచ్. స్వాప్ వరసలో సున్నా ఉండాలి. తర్వాత 'జర్నల్‌సీటీఎల్', ఖాళీ, చిన్న గీత, బీ కొట్టి, అందులో 'టైమ్డ్ అవుట్' అనే మాట వెతకండి.

నాగావళి_టీచర్ | శనివారం రాత్రి 9:58

స్వాప్ సున్నా. టైమ్డ్ అవుట్ ఒకచోట ఉంది. దాని పక్కనే యూయూఐడీ, పొడవైన సంఖ్య.

గంటస్తంభం | శనివారం రాత్రి 10:20

ఇక సందేహం లేదు. 'సుడో బీఎల్‌కేఐడీ' కొడితే ఇప్పుడున్న విభాగాలన్నీ వాటి సంఖ్యలతో వస్తాయి. స్వాప్ అని ఉన్నదాని సంఖ్యను కాపీ చేసుకోండి. చేత్తో కొట్టకండి, ఒక్క అక్షరం తప్పినా మళ్లీ ఇదే కథ.

ఈటీసీలోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలును ముందు వేరే పేరుతో నకలు తీసి పెట్టుకోండి. తర్వాత సుడో నానోతో తెరిచి, స్వాప్ వరసలో పాత సంఖ్య తీసి కొత్తది పెట్టండి. మిగతా వరసలు ముట్టుకోకండి, ముఖ్యంగా ఏటవాలు గీత ఒక్కటే ఉన్న వరస. అది మీ మింట్ మొత్తం. ఆ తర్వాత ఈటీసీలో, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్‌లో, కాన్ఫ్.డీలో 'రెజ్యూమ్' అనే ఫైలు ఉంటే అందులోనూ అదే మార్పు. చివరికి 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్', ఖాళీ, చిన్న గీత, యూ. ఇది మరిచిపోతే 90 సెకన్లు పోతాయి, అరనిమిషం మాత్రం మిగిలిపోతుంది.

రాత్రి పొద్దుపోయింది. రేపు తీరికగా చేయండి, నేను ఉంటాను. కరెంటు గట్టిగా ఉన్నప్పుడే చేయండి, మీకిప్పుడు బ్యాటరీ లేదు.

జీడితోట | శనివారం రాత్రి 10:41

కరెంటు మాట నిజం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన తర్వాత కూడా వస్తూ పోతూ ఉండేది. మా ఇంట్లో పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్ అలాగే పోయింది. అందులో నాన్న తీసిన మా జీడితోట ఫొటోలు ఉండేవి. తోటా పోయింది, ఫొటోలూ పోయాయి. మేడమ్, పాఠాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే ఈ ఫైలు ముట్టుకోండి.

నాగావళి_టీచర్ | ఆదివారం ఉదయం 11:25

బాబూ, నీ మాట చదివాక ముందు పాఠాలు, పిల్లల ప్రాజెక్టు ఫొటోలు అన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టాను. తర్వాతే మొదలుపెట్టాను.

రెజ్యూమ్ ఫైలు ఉంది, అందులోనూ పాత సంఖ్యే. రెండూ మార్చాను. బూట్ వరసలో ఉబుంటును పైకి జరిపాను. ఇప్పుడు: ఫర్మ్‌వేర్ 7, లోడర్ 4, కెర్నల్ 9, యూజర్‌స్పేస్ 1 నిమిషం 19 సెకన్లు. మొత్తం 1 నిమిషం 39. నోమోడ్‌సెట్ లేదు, స్వాప్ వచ్చింది. మేనల్లుడికి ఫోను చేసి అంతా చెప్పాను. నొచ్చుకున్నాడు, తర్వాత ఈ చర్చ మొత్తం చదివాడు.

మిగిలిన నిమిషంన్నర ఇంకా తగ్గుతుందా?

రాజాం_రిపేరు | ఆదివారం మధ్యాహ్నం 12:10

తగ్గుతుందమ్మా, కానీ ఇక సాఫ్ట్‌వేర్‌తో కాదు. మీది తిరిగే హార్డ్‌డిస్క్, ల్యాప్‌టాప్‌లలో వచ్చేవి ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లవి. తెరుచుకునేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు చదవాలి, ప్రతిదానికీ ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి. ఎస్ఎస్‌డీలో ఆ పరుగే లేదు. ఎప్పుడైనా వీలైతే అదే సైజులో ఒక ఎస్ఎస్‌డీ వేయించండి, సగానికి పైగా తగ్గుతుంది. ర్యామ్ పెంచమని ఎవరైనా అంటే వినకండి, మీ పనికి 8 జీబీ చాలు. ముందు కొనాల్సింది మాత్రం బ్యాటరీ.

డిస్క్స్ అనే అప్లికేషన్‌లో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు తెరిచి, 'పెండింగ్ సెక్టార్', 'రీఅలొకేటెడ్ సెక్టార్' అంకెలు ఒకసారి చూడండి.

నాగావళి_టీచర్ | ఆదివారం మధ్యాహ్నం 12:32

రెండూ సున్నా.

రాజాం_రిపేరు | ఆదివారం మధ్యాహ్నం 12:35

డిస్క్ ఆరోగ్యంగానే ఉంది. నిశ్చింతగా పాఠం చెప్పండి.

నాగావళి_టీచర్ | సోమవారం సాయంత్రం 5:40

ఇప్పుడే బడి నుంచి వచ్చాను. మీకు చెప్పకుండా ఉండలేను.

ప్రొజెక్టర్‌కు వైరు పెట్టగానే గోడ నిండా శ్రీకాకుళం ఆకాశం వచ్చింది. పిల్లలతోనే తేదీలు చెప్పించాను. జూన్ 21న సూర్యుడు ఉదయించేది ఉత్తరం నుంచి సుమారు 65 డిగ్రీల దగ్గర. డిసెంబరు 21న సుమారు 115. నేరుగా తూర్పు అంటే 90. మార్చి 10 పెట్టమన్నాను, 94 వచ్చింది. ఒక అమ్మాయి లేచి అక్టోబరు 2 పెట్టమంది. మళ్లీ దాదాపు 94. తరగతంతా ఒక్కసారిగా అరిచింది. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు అదే చోట ఉదయిస్తాడని, గుడి వాకిలి ఆ చోటుకు ఎదురుగా ఉంటే కిరణం లోపలికి వస్తుందని వాళ్లే చెప్పారు. నేను చెప్పనవసరం లేకపోయింది. ఈసారి అరసవల్లికి దిక్సూచి పట్టుకెళతామంటున్నారు.

వీణ గారూ, గంటస్తంభం గారూ, రాజాం గారూ, పలాస బాబూ, ఆ అరుపులో మీ అందరికీ భాగం ఉంది.

ఒక్కటే మిగిలింది. ప్రొజెక్టర్‌కు బొమ్మ వెళ్లింది కానీ శబ్దం ల్యాప్‌టాప్ నుంచే వచ్చింది. దానికి స్పీకరు ఉంది.

గంటస్తంభం | సోమవారం రాత్రి 7:02

చదువుతుంటే కళ్లు చెమర్చాయి టీచర్ గారూ. శబ్దానికి డ్రైవర్ పని ఏమీ లేదు. వైరు పెట్టి ఉంచి, సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌పుట్ జాబితాలో హెచ్‌డీఎంఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. వైరు లేనప్పుడు ఆ పేరు కనిపించదు.

నాగావళి_టీచర్ | మంగళవారం ఉదయం 10:15

వినిపిస్తోంది, చివరి బెంచీ దాకా.